ఇంటి పద్దుకు నెల లెక్క చాలదు

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరిచే రోజుల్లో ఫీజుల కోసం చేతి గాజులు తాకట్టు పెట్టడం, సంక్రాంతి దాటాక ఎలాగో విడిపించుకోవడం, మళ్లీ జూన్ రాగానే అదే బ్యాంకు మెట్లెక్కడం మా ఇంట్లో నాలుగేళ్లు సాగింది. విచిత్రమేమిటంటే మా పొదుపు సంఘంలో పద్దులు రాసేది నేనే. క్రమం తప్పకుండా పుస్తకాలు రాయడం సంఘాల పంచసూత్రాలలో ఒకటి కాబట్టి, ఇరవై రూపాయల తేడా వచ్చినా లెక్క తేలేదాకా ఎవరినీ లేవనివ్వను. ఇంటి ఖర్చుకు మాత్రం నాకు ఒక్క పుస్తకమూ లేకపోయింది.

నిరుడు జూన్‌లో వడ్డీ రసీదు చేతిలో పట్టుకుని, పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చే ఖర్చులన్నీ రాశాను. ఫీజులు 36,000, పుస్తకాలు, యూనిఫాంలు 9,000, బీమా ప్రీమియం 12,600, ఇంటిపన్ను 2,400, పండగ బట్టలు, ఊరి ప్రయాణం 12,000, అన్నీ కలిపి 72,000 రూపాయలు. అంటే నెలకు 6,000. బియ్యం, పాలు, కరెంటు బిల్లు చూసుకుని జీతం సరిపోతోందని అనుకున్న మేము, ఈ ఆరు వేలను ఏనాడూ నెల ఖర్చుగా లెక్కించలేదు. మమ్మల్ని అప్పులోకి నెట్టింది దుబారా కన్నా ఈ మరుపే.

ఆ మరుసటి నెల నుంచి జీతం పడిన మర్నాడే ఆ సొమ్మును వేరే ఖాతాకు మళ్లించాం. ఆ ఖాతాను ఫోన్‌లోని చెల్లింపుల యాప్‌కు జతచేయలేదు. టీ, బిస్కట్లు, రీఛార్జి అంటూ ఫోన్‌తో చెల్లించే చిల్లర ఖర్చులు రాసి చూస్తే నెలకు మూడు వేలు దాటాయి, కోత అక్కడే మొదలైంది. కొన్ని నెలలు నాలుగు వేలకు మించి వేయలేకపోయాను, సంక్రాంతికి పిల్లలకే బట్టలు కొన్నాం. అయినా ఈ జూన్‌లో గాజులు నా చేతికే ఉన్నాయి.

రోజు కూలి మీద నడిచే ఇళ్లకు నెల లెక్క కుదరదు, వారానికొకసారి రాసుకోవాలి. వచ్చే రాబడే సరిపోని ఇంటికి ఏ ప్రణాళికా తిండి పెట్టదని కూడా నాకు తెలుసు.

రిజర్వు బ్యాంకు 2013లోనే ఆర్థిక అక్షరాస్యత కోసం మార్గదర్శినితో పాటు ఇంటి ఖర్చులు రాసుకునే డైరీని రూపొందించింది. అలాంటి డైరీని తెలుగులో ప్రతి సంఘ సభ్యురాలికీ అందజేసి, ఏటా ఏప్రిల్ సమావేశంలో ఒక గంట కేటాయించి జూన్ ఖర్చులను అందరి చేతా రాయించాలని సమాఖ్యల బాధ్యులను కోరుతున్నాను. మీ పత్రిక కూడా ప్రతి నెలా మొదటి ఆదివారం, కత్తిరించి గోడకు అంటించుకునేలా ఒక ఖాళీ పద్దుల పట్టికను ప్రచురిస్తే నాలాంటి వారికి ఎంతో మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
పొదుపు సంఘం సభ్యురాలు, నరసరావుపేట