లోడైకి వెళ్లే ముందు

చిరంజీవి అమ్ములుకి,

శనివారం స్నేహితులతో కాలిఫోర్నియాలోని లోడై వెళ్తున్నామని, అక్కడ ఒక చిన్న తోటవాళ్లు స్పెయిన్ ద్రాక్షతో చేసే వైన్లు రుచి చూస్తామని రాశావు. వెళ్లే ముందు ఇంట్లో ఒక పని చెయ్యి. పావు లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మరసం పిండు. ఇంకో గ్లాసులో టీ బ్యాగు పది నిమిషాలు నానబెట్టి, పాలూ పంచదారా లేకుండా చల్లార్చు. ఒక్కోటి నోటినిండా తీసుకుని పుక్కిలించి ఉమ్మెయ్యి, మధ్యలో మంచినీళ్లతో నోరు కడుక్కో. నిమ్మనీళ్లకు దవడల పక్కన నీళ్లూరతాయి. టీకి చిగుళ్లు బిగుసుకుని నాలుక గరుకెక్కుతుంది. మొదటిది పులుపు, రెండోది వగరు. కొత్తగా తాగేవాళ్లు రెంటినీ కలిపేసి "చేదుగా ఉంది" అనేస్తారు. మింగాక గొంతులో తగిలే వేడి మూడోది, అది ఆల్కహాలు. ఈ మూడూ విడివిడిగా పట్టుకోగలిగితే చాలు. వైన్ రుచులు వివరిస్తూ అక్కడిచ్చే కార్డు మీద రాసిన బాయ్‌సెన్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్ లాంటి పళ్ల పేర్లు చూసి బెదిరిపోకు. నేరేడుపండు, ఉసిరికాయ తిన్న నోటికి వగరు గురించి ఇంకొకరు పాఠం చెప్పక్కర్లేదు.

అక్కడ అన్నిటికన్నా ముందు చూడాల్సింది పులుపు. లోడైలో వేసవి మధ్యాహ్నాలు 35 డిగ్రీలు దాటడం మామూలే. ఎండ ఎక్కువైతే కాయలో తీపి త్వరగా పెరుగుతుంది, పులుపు అంతే త్వరగా పడిపోతుంది. సాయంత్రం దగ్గర్లోని నదుల డెల్టా నీళ్ల మీదుగా వచ్చే చల్లగాలే ఆ ఊరి ద్రాక్షను కాపాడుతుంది. అయినా ఏ రోజు కోయాలన్నది తోటవాళ్ల నిర్ణయమే. వారం ఆలస్యమైతే సీసాలో తెలిసిపోతుంది.

టెంప్రానిల్లో అనే ఎర్ర వైన్ ద్రాక్ష దగ్గర ఇది బాగా బయటపడుతుంది. స్పానిష్‌లో టెంప్రానో అంటే తొందరగా అని, పేరుకు తగ్గట్టే త్వరగా పండుతుంది. సహజంగానే పులుపు తక్కువ, పొటాషియం ఎక్కువ. రసం తొక్కలతో నానేకొద్దీ పొటాషియం దిగి, రసంలోని టార్టారిక్ ఆమ్లాన్ని (ద్రాక్షకు పులుపునిచ్చేది అదే) పట్టుకుని పలుకులుగా అడుగుకు చేరుస్తుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 3.8 దాటిందంటే రంగు నీలిగా మసకబారుతుంది, రుచి చప్పబడుతుంది, చెడగొట్టే సూక్ష్మజీవులకు దారి సులువవుతుంది. అందుకే కొందరు తొందరగా కోస్తారు, కొందరు పులియబెట్టే ముందే లీటరుకు ఒకటి రెండు గ్రాముల టార్టారిక్ ఆమ్లం కలుపుతారు. కాలిఫోర్నియాలో అది చట్టబద్ధమే, పంచదార కలపడమే నిషేధం. మొదట్లోనే కలిపితే ఇమిడిపోతుంది. సీసాల్లో నింపేముందు సర్దిన పులుపు మాత్రం నాలుకను గుచ్చి, వెనక ఏమీ లేకుండా మాయమవుతుంది.

అల్బరీన్యో తెల్ల వైన్ ద్రాక్ష, స్పెయిన్ వాయవ్యాన ఉన్న గలీసియా తీరపుది. అక్కడ వానలెక్కువ. గుత్తులకు గాలి ఆడాలని పందిళ్ల మీద పాకిస్తారు. కాయ చిన్నది, తొక్క మందం, పులుపు గట్టిది. కాలిఫోర్నియా ఎండలోనూ ఆ పులుపు చాలావరకు నిలబడుతుంది కాబట్టి ఇది తేలిగ్గా నచ్చుతుంది. 8-10 డిగ్రీల్లో పోయాలి. మరీ మంచులా ఉంటే గ్లాసును అరచేతుల్లో పట్టుకో, రెండు నిమిషాల్లో వాసన విచ్చుకుంటుంది.

తరవాత గార్నాచా, ఇదీ ఎర్ర వైన్ ద్రాక్షే. తొక్క పలచన, రంగు తక్కువ, తీపి మాత్రం ఆపినా ఆగదు. ఆల్కహాలు 14.5, 15 శాతం దాకా పోతుంది. ఎర్ర వైన్లను "గది వేడిమి"లో పోయాలన్నది చల్లటి రాతి ఇళ్ల కాలం నాటి మాట. 24 డిగ్రీల గదిలో గార్నాచా గొంతు మంటే. ఇంట్లో అయితే ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు. తెల్ల కాగితం మీద రాసినది గ్లాసు ఒంపి, వైన్ అంచులోంచి చదువు. గార్నాచాలోంచి అక్షరాలు కనబడతాయి. గ్రాసియానో అనే మరో ఎర్ర ద్రాక్ష వైన్‌లోంచి కనబడవు.

నన్నడిగితే ఆ ఊళ్లో వెతకాల్సింది గ్రాసియానోనే. స్పెయిన్‌లో వైన్లకు పేరున్న రియోహాలో దీన్ని టెంప్రానిల్లోకు తోడుగా కాస్త కలుపుతారు. దిగుబడి తక్కువ, ఆలస్యంగా పండుతుంది, అందుకే అక్కడి రైతులు చాలామంది వదిలేశారు. కానీ వేడి నేలలో దాని విలువ వేరు: ముదురు రంగు, గట్టి వగరు, ఎండకు లొంగని పులుపు. టెంప్రానిల్లో పక్కన పెట్టుకుని ఒకదాని తరవాత ఒకటి తాగితే, రెంటినీ ఎందుకు కలుపుతారో రెండు గుక్కల్లో అర్థమవుతుంది. మొనాస్ట్రెల్ అనే ఇంకో ఎర్ర ద్రాక్ష వైన్ ఉంటే, అది చివర్న రుచి చూడు.

పేర్లతో తికమక పడకు. గార్నాచానే అక్కడ ఫ్రెంచి పేరుతో గ్రెనాష్ అంటారు. మొనాస్ట్రెల్‌కు మటారో, మూర్వెడ్ర్ అని రెండు పేర్లు. ఒకప్పుడు కాలిఫోర్నియాలో టెంప్రానిల్లోను వాల్డెపెన్యాస్ అనేవారు. సీసా మీద ఒక ద్రాక్ష పేరుంటే చట్టప్రకారం అది 75 శాతం ఉంటే సరిపోతుంది. "మిగతా పాతిక ఏమిటి?" అని అడుగు, చిన్న తోటలవాళ్లు సంతోషంగా చెబుతారు. లోడై అని రాస్తే 85 శాతం ద్రాక్ష అక్కడిదే కావాలి. ఆల్కహాలు అంకెను మరీ నమ్మకు. 14 దాటితే ఒక శాతం అటూ ఇటూ ఉండొచ్చని నిబంధనే ఒప్పుకుంటుంది.

ఒక్కోటి 45 మిల్లీలీటర్లు పోస్తారనుకో, ఆరు రకాలకు 270, అంటే సీసాలో మూడోవంతు పైనే. ఉమ్మడానికి పెట్టిన గిన్నె వాడితే ఎవరూ తప్పు పట్టరు. కారు నడిపేవాళ్లు మాత్రం అన్నీ ఉమ్మేయాల్సిందే. ఆ రోజు సెంటు వద్దు, తలలో మల్లెపూలూ వద్దు, పక్కవాళ్ల ముక్కు కూడా పాడవుతుంది.

గ్లాసులో తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బెండు బిరడా దోషం, ఎంత తిప్పినా పోదు. మొహమాటపడకుండా చెప్పు, వేరే సీసా తెరుస్తారు. కుళ్లిన గుడ్డు వాసనైతే తొందరపడకు. పులిసేటప్పుడు గాలి చాలక వచ్చేదది, మొనాస్ట్రెల్‌కు కాస్త ఎక్కువ. ఐదు నిమిషాలు తిప్పితే చాలాసార్లు పోతుంది. ఇంట్లో అయితే బాగా తోమిన రాగి చెంచాతో ఓసారి కలిపి చూడు, గంధకం రాగికి అంటుకుపోతుంది. గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తే మాత్రం మందు లేదు, పారబోయడమే.

మన వంటతో తాగాలనుకుంటే రెండు సంగతులు. ఆల్కహాలు కారాన్ని ఇంకా మండేలా చేస్తుంది కాబట్టి ఆవకాయ ముందు గార్నాచా పెట్టకు. కూర పులుపు వైన్ పులుపును మించితే వైన్ నీళ్లలా తోస్తుంది. గోంగూర మాంసం ముందు టెంప్రానిల్లో తేలిపోతుంది, గ్రాసియానో నిలబడుతుంది, మిరపకాయలు సగానికి తగ్గిస్తేనే సుమా. రొయ్యల వేపుడుకి, చేపల పులుసుకి అల్బరీన్యో.

కొన్న సీసాలు కారు డిక్కీలో వదిలి భోజనానికి వెళ్లొద్దు. ఎండలో నిలిపిన కారులో బాగా వేడెక్కితే వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోయొచ్చు, లోపలి పండు వాసన ఉడికిన జాములా మారొచ్చు. థర్మోకోల్ పెట్టె, రెండు ఐస్ ప్యాకులు తీసుకెళ్లు. చిన్న తోటలవాళ్ల దగ్గర గ్రాసియానో ఒక్కోసారి ఒక్క పీపాయే ఉంటుంది. పీపా అంటే 225 లీటర్లు, 300 సీసాలు. నచ్చితే అక్కడే రెండు తీసుకో, ఒకటి ఇప్పటికి, ఒకటి ఐదేళ్ల తరవాతకి.

ఆశీస్సులతో,
నాన్న