ఆ అమ్మకి, ఆ రాత్రి మాతో ఉన్న అందరికీ

రెండు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, చేతులకి చేపల వాసన ఇంకా పోలేదు. తప్పులుంటే ఏమనుకోకండి. ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేననిపించింది.

మొన్న రాత్రి కాకినాడలో మడ అడవి పక్క రోడ్డు మీద ఒక బావురు పిల్లిని ఏదో బండి గుద్దేసి వెళ్లిపోయింది. మేం ఆరుగురం. ఆదివారాలు గట్ల మీద ప్లాస్టిక్ ఏరడం, పక్షుల లెక్క రాసుకోవడం, ఎక్కడైనా మడ చెట్లు కొట్టేస్తుంటే అర్జీ పట్టుకుని తిరగడం, ఇదే మా పని. ఫోన్ రాగానే పరిగెత్తాం. చూడనివాళ్లకి చెప్తాను, అది ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, ఒంటినిండా నల్ల మచ్చలు, నీళ్లలోకి దూకి చేప పట్టుకుంటుంది. కోరింగ అభయారణ్యంలో నీటికుక్కలతో పాటు ఇదీ ఉంటుంది, కానీ అభయారణ్యం హద్దు ఎక్కడుందో దానికేం తెలుసు, తిండి వెతుక్కుంటూ ఊరి అంచు దాకా వచ్చేస్తుంది.

వెనక కాళ్లు కదపలేక రోడ్డు వారన పడి ఉంది. చుట్టూ కుక్కలు. మాకు చేతులాడలేదు. అప్పుడు ఎదురింట్లోంచి ఒకావిడ కర్ర పట్టుకుని వచ్చారు. అరవై ఏళ్లుంటాయేమో. "దగ్గరికెళ్లకమ్మా, నొప్పిమీదుంది, కరుస్తది" అని నన్ను వెనక్కి లాగి, తన పాత నూలు చీర తెచ్చి దూరం నుంచే దాని మీద కప్పారు, టార్చి ఆపేయమన్నారు. వెలుతురు పోయేసరికి అది కొంచెం నెమ్మదించింది. తెల్లారేదాకా ఆవిడ అక్కణ్ణుంచి లేవలేదు, కుక్క దగ్గరికొస్తే కర్రతో నేల మీద కొట్టేవారు. "పోయిన నెల మా కోళ్లు రెండు ఇదే ఎత్తుకుపోయుంటదమ్మా" అన్నారు మధ్యలో. నాకేం అనాలో తెలీలేదు. "దానికి మాత్రం ఆకలెయ్యదా" అని ఆవిడే అన్నారు. 96 తుఫానప్పుడు వాళ్లాయన పడవని మడ చెట్ల మధ్య కట్టేసి బతికి బయటపడ్డారట, అందుకే ఆ చెట్టు కొమ్మ విరిచినా ఊరుకోరట.

ఆవిడ రోజూ తెల్లవారుజామున కుంభాభిషేకం రేవులో వేలంపాటకి వెళ్లి, చేపలు కొనుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్ముతారని మర్నాడు పక్కింటివాళ్లు చెప్తే తెలిసింది. ఆ రోజు వెళ్లలేదు. మా కోసం కూలి పోగొట్టుకున్నారు, మాతో ఒక్క మాట అనలేదు. డబ్బులు ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుని "ముందు పిల్లి తిందో లేదో చెప్పు" అన్నారు, బకెట్లో బతికున్న మట్టగిడస చేపలు పెట్టి ఇచ్చారు. రోడ్డు మీదే ఏడ్చేశాను. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు.

మా ఆయన, అత్తయ్యగారు పిల్లల్ని చూసుకున్నారు. థ్యాంక్స్.

ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. మేం ఫోన్ చేసిన ఒక ఆఫీసు వాళ్లు ఆ చోటు మా కిందకి రాదన్నారు, ఇంకొకరు ఉదయం రమ్మన్నారు, ఇంకో చోట బోను లేదన్నారు. నాలుగున్నర గంటలు! చట్టంలో పులితో పాటు ఒకే షెడ్యూల్లో ఉన్న జంతువిది. ఆ రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకర్ లేదు, ఇక్కడ జంతువులు దాటతాయని ఒక బోర్డు లేదు, అర్జీలు ఎన్ని పెట్టామో మాకే గుర్తులేదు. రాత్రిపూట ఎవరికి చెయ్యాలో ఒక్క నంబరు, ఒక బోను, ఒక బండి, అంతే కదా అడుగుతున్నాం.

చివరికి బోను తీసుకుని వచ్చిన ఇద్దరు సిబ్బందికి, కునుకు కూడా తీయకుండా కట్టు కట్టిన డాక్టరుగారికి దండాలు. తప్పు ఆ ముగ్గురిది కాదు. ఈ ఉదయం పిల్లి తనంతట తనే ఒక మట్టగిడస తినిందని ఫోన్ వచ్చింది. నడుస్తుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు. అమ్మకి వెంటనే చెప్పాను, "ఇంకో నాలుగు పంపనా" అన్నారు.

అయ్యో, మర్చిపోయాను, అర్ధరాత్రి షాపు తీసి మందులిచ్చిన మెడికల్ షాపు బాబాయ్‌గారికి, బోను వెనకే మమ్మల్ని ఆటోలో తీసుకెళ్లి కిరాయి తీసుకోని అన్నకి కూడా. లారీల్ని ఆపుతూ రోడ్డు మధ్యలో నిలబడిన కాలేజీ తమ్ముడూ, నీ టార్చి నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకెళ్లు.