మినహాయింపు సరే, లెక్కలు ఎక్కడ?

సంపాదకులు గారికి,

మత సంస్థలకు పన్ను మినహాయింపు ఉండాలా వద్దా అన్న చర్చ ఎప్పుడు మొదలైనా, ఇరుపక్షాలవారూ విశ్వాసం గురించే వాదించుకుని డబ్బు సంగతి పక్కన పెట్టేస్తున్నారు. అది చూసి బాధ కలిగి ఈ లేఖ రాస్తున్నాను. మతం మంచిదా కాదా అన్నది పన్నుల శాఖ తేల్చవలసిన విషయం కాదు. మినహాయింపులు రద్దు చేయమని కూడా నేను కోరడం లేదు. ప్రజలందరి తరఫున ప్రభుత్వం వదులుకున్న పన్నుతో లబ్ధి పొందే ప్రతి సంస్థా తన జమాఖర్చులను ఏటా ప్రజలందరి ముందూ పెట్టాలన్నదే నా విన్నపం.

వసూలు చేయకుండా ఊరుకోవడం వేరు, ఖజానాలోంచి తీసి ఇవ్వడం వేరు అని కొందరు అంటారు. 1970లో వాల్జ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా దాదాపు ఇదే మాట చెప్పి, న్యూయార్క్ నగరంలో ప్రార్థనా స్థలాలకు ఇస్తున్న ఆస్తి పన్ను మినహాయింపును సమర్థించింది. ప్రభుత్వం తన ఆదాయంలోంచి చర్చికి ఏమీ బదిలీ చేయడం లేదని ప్రధాన న్యాయమూర్తి బర్గర్ రాశారు. మినహాయింపు కూడా సబ్సిడీయేనన్న జస్టిస్ డగ్లస్ ఆ తీర్పులో ఒంటరిగా మిగిలిపోయారు. అయితే పదమూడేళ్లు తిరిగేసరికి, అంటే 1983లో, జాతి వివక్ష పాటించిన బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయానికి మినహాయింపు తొలగించడం సబబేనని తీర్పు చెబుతూ, ఒకరికి మినహాయింపు ఇస్తే మిగతా పన్ను చెల్లింపుదారులంతా పరోక్షంగా దాతలే అవుతారని అదే కోర్టు ఒప్పుకుంది. ఆ తీర్పు రాసింది కూడా బర్గరే. ఈ రెండో మాటే నిజానికి దగ్గరగా ఉందని నా నమ్మకం. పన్ను కట్టని భవనం ముందు కూడా రోడ్డు వేయాలి, దానికి నిప్పంటుకుంటే అగ్నిమాపక యంత్రం రావాలి. ఆ ఖర్చులో దాని వాటా పక్కవాళ్ల మీద పడుతుంది.

దాతలమైనప్పుడు మనం ఇచ్చింది ఏమైందో అడిగే హక్కు కూడా మనకు ఉండాలి. ఈ మాట నేను పుస్తకాలు చదివి అంటున్నది కాదు. వృత్తిరీత్యా చాలా ఏళ్లపాటు ధార్మిక ట్రస్టుల ఖాతాలు తనిఖీ చేశాను. అందులో ఒక మత సంస్థ లెక్కలు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టున్నాయి. జమ వైపు పుస్తకం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించేది. కోశాధికారి పెద్దాయన, ఎంత చిన్న విరాళమైనా దాత పేరు, తేదీ, రసీదు సంఖ్యతో సహా తన చేత్తో రాసుకునేవారు. ఒక్క రసీదు చెడిపోయినా దాన్ని చింపి పారేయకుండా, అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచేవారు. ఖర్చు వైపు పేజీ తిప్పితే మాత్రం ‘ప్రచారం, ఇతరములు’ అన్న ఒకే ఒక్క పద్దు కింద ఏడాది ఖర్చులో సగానికి పైగా కనిపించేది. పేదల సహాయానికి వెళ్లింది అందులో పదో వంతు కూడా లేదు. వోచర్లు చూపించమని అడిగితే కొన్నే వచ్చాయి, వాటిలో కొన్నిటి మీద సొమ్ము అందుకున్నవారి సంతకం లేదు. ఒక వాహనం వాయిదాలు ఆ పద్దులోంచే కడుతున్నారు. అది ఎవరి వాడకంలో ఉందో కోశాధికారికి తెలుసు, నాకూ అర్థమైంది. ఆయన తల వంచుకున్నారు.

ఆ రోజే ఒక పెద్దావిడ కార్యాలయానికి వచ్చి, తాను చనిపోయిన భర్త పేరు మీద ఇచ్చిన సొమ్ముతో ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టారో చెప్పమని అడిగింది. లెక్కలు బయటివాళ్లకు చూపించే ఆచారం లేదని ఆమెను పంపేశారు. ఆ సంస్థ చట్టాన్ని ఉల్లంఘించలేదు, ఎందుకంటే దాతకు లెక్క చూపించి తీరాలని ఏ నిబంధనా దాన్ని నిర్బంధించలేదు. నా నివేదికలో నేను రాయవలసింది రాశాను. ఆ నివేదిక పన్నుల శాఖకు వెళ్లింది, ఆ పెద్దావిడ దాకా మాత్రం రాలేదు.

ఈ లోపం ఒక్క దేశానిది కాదు. అమెరికాలో మిగతా స్వచ్ఛంద సంస్థలు చాలావరకు ప్రతి ఏడాదీ తమ ఆదాయవ్యయాలు చూపే ఫారం 990ని పన్నుల శాఖకు దాఖలు చేయాలి, దాన్ని ఎవరైనా చూడవచ్చు. చర్చిలకు మాత్రం ఆ బాధ్యతే లేదు, మినహాయింపు కోసం దరఖాస్తు చేసుకోవలసిన అవసరం కూడా లేదు. ఆస్ట్రేలియాలో 2012లో స్వచ్ఛంద సంస్థల కమిషన్‌ను ఏర్పాటు చేసినప్పుడు, ‘ప్రాథమిక మత సంస్థ’ అనే వర్గాన్ని ఆర్థిక నివేదికల నుంచి తప్పించారు. అనాథాశ్రమం నడిపేవారు పైసాతో సహా చెప్పాలి, ప్రార్థన నడిపేవారు చెప్పనక్కర్లేదు అన్న ఈ తేడాకు నాకు న్యాయమైన కారణం కనిపించలేదు. ఇంగ్లండులో పరిస్థితి కొంత మెరుగు. మతప్రచారం దానంతటదే ప్రజాహితమని భావించే పాత సంప్రదాయాన్ని 2006 నాటి చట్టం తొలగించింది. ఏటా 25 వేల పౌండ్లకు మించి ఆదాయమున్న నమోదిత సంస్థ ఏ మతానిదైనా తన ఖాతాలు అక్కడి స్వచ్ఛంద సంస్థల కమిషన్‌కు సమర్పించాలి, వాటిని ఎవరైనా ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. దానివల్ల అక్కడ ప్రార్థనలేమీ ఆగిపోలేదు.

లెక్కలు అడగడమంటే మతంలో జోక్యం చేసుకోవడమేనన్న అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చరిత్రలో ప్రభుత్వాలు ఆ సాకుతో చేసిన దౌర్జన్యాలు తక్కువేమీ కావు. కానీ ఈ చిక్కుముడిని 1954లోనే శిరూరు మఠం కేసులో భారత సుప్రీంకోర్టు విడదీసింది. పూజ ఎలా చేయాలి, ఏ ఆచారం ముఖ్యం అన్నవి మత విషయాలు కాబట్టి వాటిని నిర్ణయించుకునే స్వేచ్ఛ ఆ మతశాఖదేనని, ఆస్తుల నిర్వహణను మాత్రం చట్టం క్రమబద్ధం చేయవచ్చని చెప్పింది. నేను కోరుతున్నది ఆ గీతకు ఇవతల ఉన్నదే. ఏ మంత్రం చదివారో ప్రభుత్వానికి అక్కర్లేదు, ఏ పద్దు కింద ఎంత ఖర్చయిందో చెబితే చాలు.

మినహాయింపు నుంచి నేరుగా ఇచ్చే నిధుల దగ్గరికి వస్తే, అన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయమవుతుంది. జర్మనీలో 1803 ప్రాంతంలో రాజ్యాలు స్వాధీనం చేసుకున్న చర్చి ఆస్తులకు పరిహారంగా చాలా రాష్ట్రాలు నేటికీ ఏటా సొమ్ము చెల్లిస్తున్నాయి. ఈ చెల్లింపులకు ముగింపు పలకాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగం ఆదేశించింది, 1949 నాటి రాజ్యాంగం ఆ ఆదేశాన్ని యథాతథంగా కొనసాగించింది, పని మాత్రం జరగలేదు. భారత రాజ్యాంగంలోని 290ఎ అధికరణం ప్రకారం కేరళ ప్రభుత్వం తిరువాంకూరు దేవస్వం నిధికి, అంటే ఆ పాత సంస్థానంలోని దేవాలయాల నిధికి, ఏటా 46 లక్షల 50 వేల రూపాయలు ఇవ్వాలి. సంస్థాన కాలంలో దేవాలయ భూములు రాజ్యంలో కలిసిపోవడమే దీనికి నేపథ్యం. ఇలాంటివి దానాలు కావు, బాకీలు. బాకీ ఎంతో తేల్చి తీర్చేయడం మంచిది కానీ, దాన్ని మతానికి చేస్తున్న ఉపకారంగా చిత్రించడం సరికాదు.

ఇటలీ పద్ధతి నాకు మరింత కలవరం కలిగిస్తుంది. అక్కడ ఆదాయపు పన్నులో వెయ్యికి ఎనిమిది వంతులు రాజ్యానికి వెళ్లాలా, కాథలిక్ చర్చికా, ఒప్పందమున్న మరో మతానికా అన్నది పన్ను కట్టేవారే రాయవచ్చు. వినడానికి బాగుంది. అయితే ఏమీ రాయనివారి వాటాను కూడా రాసినవారి నిష్పత్తిలోనే పంచేస్తారు. మౌనంగా ఉన్నవాడి సొమ్ము అతనికి తెలియకుండానే ఒక మతానికి విరాళమైపోతుంది. ఒక ప్రత్యేక మతాన్ని ప్రోత్సహించడానికే కేటాయించిన పన్నును కట్టమని ఎవరినీ నిర్బంధించరాదని భారత రాజ్యాంగం 27వ అధికరణం చెబుతోంది. ఆ మాట వెనకున్న మర్యాద ఇలాంటి ఏర్పాట్లలో లోపించింది.

నా విన్నపం ఏ ఒక్క మతం మీదా గురిపెట్టినది కాదని స్పష్టం చేస్తున్నాను. మత సంస్థలైనా, మతంతో సంబంధం లేని ధార్మిక సంస్థలైనా, మినహాయింపు పొందేవారందరికీ ఒకటే నిబంధన ఉండాలి. పది ఇరవై కుటుంబాలు చందాలేసుకుని నడుపుకునే చిన్న ప్రార్థనాలయం మీద ఆడిట్ భారం మోపడం నాకూ ఇష్టం లేదు కాబట్టి, ఒక ఆదాయ పరిమితి లోపలి సంస్థలు ఒక పేజీ జమాఖర్చుల పట్టిక ఇస్తే సరిపోతుంది. ఆ పైనున్నవారు వేతనాలు, వాహనాలు, నిర్మాణాలు, సేవా కార్యక్రమాలు, నిర్వాహకుల బంధువులకు చేసిన చెల్లింపులు విడివిడిగా చూపాలి, ‘ఇతరములు’ పద్దు మొత్తం ఖర్చులో ఇంత శాతం మించరాదన్న కట్టుబాటు ఉండాలి. దాతల పేర్లు గోప్యంగానే ఉంచవచ్చు. దీనికి కొత్త శాఖ కూడా అక్కర్లేదు. ఆడిట్ నివేదికలు ఇప్పటికే పన్నుల శాఖకు చేరుతున్న చోట, వాటినే దాతల వివరాలు తొలగించి వెబ్‌సైట్‌లో పెట్టమని ఆదేశిస్తే చాలు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఆడిటర్