ర్యామ్ పెంచితే చిటపటలు పోవు

ఎడిటర్ గారికి నమస్కారం.

ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే ఏం చేయాలో చెబుతూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. టెంపరరీ ఫైళ్లు తీసేయండి, ర్యామ్ పెంచండి, స్పీడ్ పెంచే యాప్ ఏదైనా వేసుకోండి అన్నారు. మొదటి రెండూ మామూలు వాడకానికి పనికొచ్చేవే. కానీ నాలా ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్లు ఆ సలహా పట్టుకుని డబ్బు తగలేస్తారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను తగలేశాను మరి.

పాట ప్లే అవుతుంటే మధ్యమధ్యలో చిటపటలు వచ్చేవి. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ వాడకం 30 శాతం కూడా ఉండదు! అంత ఖాళీ పెట్టుకుని ఎందుకు తడబడుతోందో అర్థం కాక, ర్యామ్ 8 జీబీ నుంచి 16కి పెంచాను. చిటపటలు అలాగే ఉన్నాయి.

తర్వాత తెలిసిందేమిటంటే, ఈ పనిలో కంప్యూటర్ మొత్తం ఎంత చేయగలదన్నది కాదు, గడువులోపు చేసిందా లేదా అన్నదే లెక్క. క్యూబేస్, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో, పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తయారుచేసి పంపుతుంటుంది. ఆ ముక్క ఎంతో నిర్ణయించేదే బఫర్ సైజు. శబ్దాన్ని సెకనుకు 44,100 శాంపిళ్లుగా (కొలతలుగా) తీసుకుంటున్నప్పుడు బఫర్ 128 శాంపిళ్లు పెడితే కంప్యూటర్‌కి దొరికే గడువు 2.9 మిల్లీసెకన్లు. ఆలోపు అన్ని ట్రాకులూ, వాటిమీద పెట్టిన ప్లగిన్లూ (శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు) అన్నీ అయిపోవాలి, ఒక్కసారి ఆలస్యమైనా చెవిలో టప్‌మంటుంది. అదే 1024 పెడితే 23 మిల్లీసెకన్లు దొరుకుతాయి, దానికి కావలసినంత తీరిక. కాకపోతే అప్పుడు కీ నొక్కిన తర్వాత స్వరం తీరిగ్గా పలుకుతుంది, ఇక తాళంలో వాయించినట్టే! అందుకని రికార్డింగ్‌కి 128, మిక్సింగ్‌కి 1024 పెట్టుకోవడం మొదలుపెట్టాను. పైసా ఖర్చు లేకుండా సగం గొడవ తీరింది. పాడేటప్పుడు మన గొంతు హెడ్‌ఫోన్‌లో వెనకబడుతుంటే మాత్రం బఫర్‌తో కుస్తీ పట్టక్కర్లేదు, మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (గొంతును కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి పంపే ఏర్పాటు) ఉంటే అది నొక్కితే చాలు.

మరి ఆ 30 శాతం సంగతేమిటి? ఒక ట్రాక్ మీద వరసగా పెట్టిన ప్లగిన్లు ఒకదాని తర్వాత ఒకటే నడవాలి. బేస్, ట్రెబుల్ సరిచేసే ఈక్యూ పని పూర్తయితే గానీ, శబ్దం హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ మొదలుపెట్టలేదు. కాబట్టి ఆ వరస మొత్తం సాధారణంగా ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ (విడిగా పనిచేసే భాగం) మీదే పడుతుంది. ఎనిమిది కోర్లలో ఒకటి చెమటోడుస్తుంటే మిగతావి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి, టాస్క్ మేనేజర్ అందరికీ కలిపి సగటు చూపిస్తుంది. రీపర్‌లో అయితే పెర్ఫార్మెన్స్ మీటర్ తెరిస్తే ఏ ట్రాక్ ఎంత తింటోందో కనబడుతుంది. నా దాంట్లో దొంగ రివర్బ్, అంటే గదిలో మోగినట్టు ప్రతిధ్వని చేర్చే ప్లగిన్. పది ట్రాకుల మీద పది రివర్బులు పెట్టుకున్నాను, బుద్ధి లేక. ఇప్పుడు ఒకే రివర్బ్‌ని వేరే బస్‌లో (చాలా ట్రాకులు వచ్చి కలిసే ఉమ్మడి దారి) పెట్టి అన్నిటినీ దానికి పంపుతున్నాను, వినడానికి కూడా అన్ని వాయిద్యాలూ ఒకే గదిలో మోగినట్టుంది. ఇక పూర్తయిన ట్రాకులను ఫ్రీజ్ చేసేస్తాను. అంటే అది ఆడియోగా మారిపోయి ప్లగిన్లు పక్కకు తప్పుకుంటాయి, కావాలంటే మళ్లీ తెరుచుకోవచ్చు. నాలుగు ట్రాకుల టేపు రోజుల్లో చోటు లేక మూడింటిని కలిపి నాలుగోదాంట్లోకి దించి, ఆ మూడింటి మీదా మళ్లీ రికార్డు చేసేవాళ్లు, వాళ్లకి వెనక్కి వెళ్లే దారి కూడా ఉండేది కాదు.

అయినా అప్పుడప్పుడు టప్‌మనేది. లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్ నడిపితే అసలు సంగతి బయటపడింది. వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే వైఫై డ్రైవర్, మధ్యలో దూరి ప్రాసెసర్‌ని ఆపేస్తోందట! రికార్డింగ్ సమయంలో వైఫై ఆపేస్తే నిశ్శబ్దం. విండోస్ వాళ్లు ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన సొంత ఏఎస్‌ఐఓ డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) వాడాలి, మ్యాక్‌లో ఆ పని చేసే కోర్ ఆడియో ముందే ఉంది కాబట్టి ఆ బెడద లేదు. ఛార్జర్ తీసేసినా, లోపల వేడెక్కినా చాలా ల్యాప్‌టాప్‌లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. దుప్పటి మీద పెట్టుకుని మిక్సింగ్ చేసే మిత్రులు ఇది గమనించాలి.

ర్యామ్ దండగ అనడం లేదు. ఆర్కెస్ట్రా వాయిద్యాల రికార్డింగులుండే శాంపిల్ లైబ్రరీలు వాడేవాళ్లకు 16 జీబీ కూడా చాలకపోవచ్చు, వాటిని ఎస్‌ఎస్‌డీలో పెట్టుకుంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నా పాటల్లో నాలుగు వాయిద్యాలు దాటవు, నాకు అవసరం లేకపోయింది, అంతే. స్పీడ్ పెంచే యాప్‌ల మాట మాత్రం దయచేసి మళ్లీ రాయకండి. అవీ వెనకాల నడుస్తూ ఆ కాస్త గడువులో వాటా అడిగేవే.

ఒక మనవి. కొత్త ల్యాప్‌టాప్‌లను పోలుస్తూ మీరు వేసే పట్టికల్లో ర్యామ్, స్క్రీన్ సైజులతోపాటు ఒక్కో కోర్ వేగమెంత, ఛార్జర్ తీస్తే అది ఎంత పడిపోతుంది, ఫ్యాన్ శబ్దం మైక్‌లో పడుతుందా అన్నవి కూడా ఇవ్వండి.

ఇట్లు,
ఇంట్లో పాటలు కట్టుకునే ఒక పాఠకుడు