అమ్మ చేసిన పిప్పి సర్వపిండి

హనుమకొండ,
బుధవారం రాత్రి

ఒరేయ్ పుట్నాల దొరా,

ఆలస్యానికి ముందే చేతులు జోడిస్తున్నాను. నీ సందేశాలకు రెండేసి మాటలతో బదులిచ్చి ఊరుకున్నానని నీకు కోపం వచ్చే ఉంటుంది. ఇది ఫోనులో చెప్పి ముగించే సంగతి కాదు, కాగితం మీద తీరికగా చెప్పాలని దాచుకున్నాను. తీరా చూస్తే తీరికే లేదు. మా వాడకట్టు అబ్బాయి ఈ రాత్రికే శంషాబాద్ వెళ్లి అక్కడి నుంచి దుబాయి విమానం ఎక్కుతున్నాడు. పదింటికి కారు వస్తుందట. ఆలోగా ఎంత రాయగలిగితే అంత.

మామూలు వార్తలు గబగబా చెప్పేస్తాను. అందరం బాగున్నాం. వానలకు అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త ఎక్కువైంది. మీ ప్రహరీ గోడ పూర్తయింది, మీ నాన్నగారు చౌరస్తాలో కనిపించి చెప్పారు. గొడుగు సారు పదవీ విరమణ చేశారు. సన్మానానికి ఆ గొడుగుతోనే వచ్చారు! నువ్వు పక్కన లేవు కాబట్టి సభ సజావుగా ముగిసింది. ఇక చాలు.

అసలు సంగతి మా చిన్నిది. నిజానికి మా అమ్మది. సరే, ఇద్దరిదీ.

చిన్ని ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చింది, ఎనిమిది వందల మీటర్ల పరుగు సాధన చేస్తోందని నీకు తెలుసు. వేసవిలో మా అత్తగారి ఊరు వెళ్లినప్పుడు బర్రెల కొట్టంలో దూడను దూరంగా కట్టేసి పాలు పితకడం చూసింది. అంతకు ముందే మాంసం, గుడ్లు మానేసిన పిల్ల, ఆ రోజు నుంచి పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టలేదు. అమ్మకు ప్రాణం విలవిల్లాడింది. పెరుగు ముద్ద లేకుండా అన్నం ఎలా ముగుస్తుంది, పరుగెత్తే పిల్లకు బలం ఎక్కడి నుంచి వస్తుందని వంటింట్లో కన్నీళ్లు పెట్టుకుంది. మైదానంలో ఎవరో ప్రొటీన్ పొడి డబ్బా కొనమన్నారు. చిన్ని డబ్బా తిప్పి చదివింది. అదీ పాల నుంచి తీసిందే. అక్కడే పెట్టేసి వచ్చింది. నాకూ దిగులుగానే ఉండేది, నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇక ఆ ఆదివారం. తెల్లవారుజాము నుంచీ ముసురు. చిన్ని ముందు రాత్రే అర కిలో సోయా గింజలు నానబోసింది. నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు అంత సోయా పండుతున్నా మన ఇళ్లలో దాన్ని నూనెకూ దాణాకూ పోయే పంటగానే చూస్తాం కదా. మా మేనబావ బోధన్ నుంచి తెచ్చిన సంచిని అమ్మ ఎప్పుడో మూలకు నెట్టేసింది. పొద్దున్నే చిన్ని ఆ గింజల పొట్టు పిసికి కడిగి, నీళ్లు పోసి మిక్సీలో మెత్తగా రుబ్బింది. పలుచటి పంచెలో పోసి చెరో కొస పట్టుకుని పిండాం. పాలు దిగాయిరా! తెల్లగా, చిక్కగా, గిన్నె నిండా. పచ్చి చిక్కుడు వాసన మాత్రం గుప్పుమంది. పచ్చి సోయాలో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థం ఒకటి ఉంటుందట, బాగా మరిగితేనే దాని పని తగ్గుతుందట. అందుకని పావుగంట సేపు గరిటె ఆపకుండా తిప్పమని నాకు ఆజ్ఞ. ఆ పాలు ఎంత పొంగుతాయో! నురగ అంచు దాటబోయిన ప్రతిసారీ మంట తగ్గించి, మళ్లీ పెంచి...

మంట ఆర్పాక చిన్ని నిమ్మరసంలో నీళ్లు కలిపి చెంచా చెంచా పోయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే అమ్మ పూజ ముగించుకుని వంటింట్లోకి వచ్చింది. గిన్నెలో పాలు విరుగుతున్నాయి. దేవుడి దగ్గర దీపం ఇంకా వెలుగుతోంది, ఇక్కడ మనవరాలు కావాలని పాలు విరగ్గొడుతోంది!

"అయ్యో బిడ్డా, ఇదేం పని?" అంది అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని.

చిన్ని వెనక్కి తిరగకుండానే అంది: "ఇవి ఏ దూడ పాలూ కావు నానమ్మా. విరిగితే ఎవరికీ నష్టం లేదు."

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు. తెల్లటి ముక్కలు పైకి తేలి, లేత పసుపు నీళ్లు కింద మిగిలేదాకా చూసింది. ఆ ముక్కలను గుడ్డలో మూటగట్టి, పైన బరువు పెట్టడానికి చిన్ని ఏదో వెతుకుతుంటే తనే వెళ్లి పొత్రం తెచ్చి పెట్టింది. అప్పుడు పంచెలో మిగిలిన పిప్పి అమ్మ కంటపడింది.

"ఇదేం చేస్తావు?"

"మల్లె మొక్కకు వేద్దామని."

"ఇంత పిండి మట్టిలోకా!" అని కొంగు దోపుకుంది చూడు, నీకు ఆ దోపుకోవడం గుర్తుండే ఉంటుంది, హాల్‌టికెట్ల రోజు!

కడాయిలో పిప్పి వేసి, పచ్చివాసన పోయి పొడిపొడిగా అయ్యేదాకా సన్నని మంట మీద వేయించింది. దానికి సమంగా బియ్యప్పిండి. నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు, ఉల్లికాడలు, ఉప్పు, కారం. పిప్పిలో ఇంకా తడి ఉంది కాబట్టి మామూలు సర్వపిండికి పోసినన్ని నీళ్లు పోయలేదు, చిలకరించిందంతే. ఇత్తడి గిన్నె అడుగుకు పల్చగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వదిలి మూత పెట్టింది. ఒకటి దిగగానే గిన్నెను బోర్లించి నీళ్లు పోసేది. సుయ్ మని ఆవిరి. చల్లారితేనే కదా మళ్లీ పిండి ఒత్తడానికి చెయ్యి ఆనేది.

రుచి ఎలా రాయను? అంచు కరకర, మధ్యలో మెత్తన, పంటి కింద శనగపప్పు. సోయా వాసన ఆనవాలు కూడా లేదు. మీ చెల్లెలికి సోయా అంటేనే గిట్టదు, తను రెండోది అడిగి మరీ తింది. పొత్రం కింద గడ్డకట్టిన టోఫూ కూడా బాగానే వచ్చింది. ముక్కలు కోసి, ఉప్పు కారం పసుపు పట్టించి పెనం మీద కాల్చాం. కానీ ఆ రోజు గెలిచింది పిప్పే.

తింటూ ఉండగా అమ్మ ఒక మాట అంది. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ వినని మాట. "మేము పత్తి చేనుకు పోయేటప్పుడు కొంగున కట్టుకున్నది ఇవే కదా. ఉలవ గుడాలు, బబ్బెర గుడాలు, వేయించిన పల్లీలు. పాలు ఇంట్లో ఉండేవి, కేంద్రానికి పోసి వచ్చేవాళ్లం. తాగింది ఎప్పుడు?" అని, కాసేపాగి, "అయినా ఎకరాలకు ఎకరాలు కలుపు తీశాం" అంది. నాకు ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆ రోజుల్లో నాకు మాత్రం రోజూ గ్లాసు పాలు ఉండేవిరా. మరి అవి ఎలా... వద్దులే, ఎదురుగా కూర్చున్నప్పుడు మాట్లాడుకుందాం.

అప్పటి నుంచి అమ్మ కన్నీళ్లు ఆగిపోయాయి. చిన్ని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చదివి వినిపిస్తుంటే ఒక్కో అంకెకూ తల ఊపుతుంది. వంద గ్రాముల సోయా గింజల్లో మాంసకృత్తులు దాదాపు 36 గ్రాములు, పల్లీల్లో 24 దాకా, ఉలవలు, శనగపప్పు, నువ్వుల్లో 21కి పైన. బియ్యంలో ఎనిమిదే, అందులోనూ లైసిన్ తక్కువ, అది మాంసకృత్తులను కట్టే ఇటుకల్లో (అమైనో ఆమ్లాల్లో) ఒకటి. ఆ కొరత పప్పులు తీరుస్తాయి, పప్పుల్లో తక్కువైన మెథియోనిన్ అనే ఇంకో ఇటుకను బియ్యం, నువ్వులు తీరుస్తాయి. అంటే సర్వపిండిలో అన్నీ ఒకదానికొకటి తోడు! మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలు, యాభై కిలోల పిల్లకు రోజుకు 42 అనుకో, పరుగెత్తే వాళ్లకు ఇంకా కావాలి. బి12 విటమిన్ మాత్రం మొక్కల నుంచి అందదు, దానికి డాక్టరు మాత్ర రాసిచ్చారు. ఆ విషయంలో నేను పట్టు వదలను.

ఇక నీ గది వంట. పని నుంచి అలసిపోయి వచ్చి బిస్కెట్లతో సరిపెట్టుకుంటున్నానన్నావు, ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు. పొద్దున పనికి పోయేముందు నల్ల శనగలు ఒక గిన్నెలో నానబెట్టు. రాత్రి కుక్కర్‌లో ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, ఉల్లిపాయతో తాలింపు వేసి నిమ్మకాయ పిండు. కాజీపేట స్టేషన్ పొట్లం గుర్తొస్తే నా పూచీ లేదు! మీల్‌మేకర్ దొరికితే ఇంకా సులువు: వేడి నీళ్లలో నానబెట్టి, నీళ్లన్నీ గట్టిగా పిండేసి, ఉప్పు కారం అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద ఎర్రగా వేయించు. పొడి మీల్‌మేకర్ వంద గ్రాముల్లో మాంసకృత్తులు దాదాపు 52 గ్రాములు. పల్లీలు కొనేటప్పుడు బూజు వాసన వస్తే మాత్రం మొహమాటపడకుండా వదిలేయి.

డబ్బాలో సర్వపిండి పెట్టలేదు, అది ఏ రోజుకారోజు తినాల్సిందే. పుట్నాలు, పల్లీలు, నువ్వులు వేయించి బెల్లంతో దంచిన ముద్దలు పంపుతున్నాను. దంచింది అమ్మ, చుట్టింది చిన్ని. అయిపోతే నువ్వే చేసుకోవచ్చు, బెల్లం బదులు ఖర్జూరం వెయ్యి, అక్కడ దానికేం కొదవ. పొడి చేసేటప్పుడు మిక్సీని ఆపి ఆపి తిప్పు, లేకపోతే నూనె వదిలి...

కారు వచ్చేసింది, వీధి చివర లైటు కనిపిస్తోంది. చిన్ని జిల్లా పోటీల సంగతి రాయనే లేదు! డబ్బాలో అడుగున నీలం మూట నీది కాదు, పక్క గది తమ్ముడిది, విప్పకు. ఉంటానురా