ఆ 18 గంటలు మా నాయనను చూసుకున్నవాళ్లకు

నిన్న నాయన వాకర్ పట్టుకుని వీధి గేటు దాకా నడిచాడు. ఇది రాయడానికి ఆ రోజు కోసమే ఆగాను.

గత నెల మేం తొమ్మిదిమందిమి బెంగళూరు నుంచి మాల్దీవులకు స్కూబా డైవింగ్‌కు వెళ్లాం. హోటల్ ఉండదు. వారమంతా తిండి, నిద్ర పడవలోనే, రోజుకు మూడు డైవ్‌లు. నడుముకు బెండ్లు కట్టుకుని అనంతపురం బావుల్లో ఈత నేర్చుకున్నదాన్ని, ఆ గోరువెచ్చటి నీళ్లలో ఇల్లూ వాకిలీ మరిచిపోయాను. నాలుగో రోజు చీకటి పడ్డాక వావు అటాల్ అనే పగడపు దీవుల గుంపులోని అలిమథా దీవి దగ్గర టార్చిలైట్లతో దిగాం. నర్సు షార్కులు పెంపుడు కుక్కల్లా కాళ్లకు తగులుతూ తిరుగుతాయి అక్కడ. ఏడున్నరకు పైకొచ్చి ఫోన్ చూస్తే 14 మిస్డ్ కాల్స్.

ఆ సాయంత్రం మా వీధికి నీళ్లు వదిలారు. డ్రమ్ము నింపుతూ నాయన జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మా గేటు కింద నుంచి నీళ్లు వీధిలోకి పారడం ఎదురింటి అక్క కంటపడింది. "మీ నాయన చుక్క నీళ్లు పోనిస్తాడా? ఏదో అయిందని అప్పుడే అనుకున్నా" అంది తర్వాత. ఆమె కేకేస్తే పక్కింటి అన్న గోడ దూకి లోపలికి పోయాడు. 108 పిలిపించి, తనూ అందులోనే ఎక్కాడు. ఆపరేషన్‌కు రక్తం కావాలంటే అన్న ఆటో స్టాండ్ స్నేహితులు ఇద్దరు వచ్చి ఇచ్చారు. వాళ్ల ముఖాలు నేనింకా చూడనేలేదు.

నేనేమో ఆ రాత్రే బయల్దేరతానని ఏడుపు. గైడ్ నా చేతికున్న డైవ్ కంప్యూటర్ చూపించాడు, విమానం ఎక్కకూడదన్న గుర్తు కనబడుతోంది. వరుసగా డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలి. లోతులో ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, విమానంలో ఒత్తిడి తగ్గితే అది బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఇదంతా ఫోన్‌లో ఎట్లా చెప్పాలో తెలియక "గోలీసోడా కొట్టినట్లు అయితాది అక్కా" అన్నా. "అయితే నిదానంగా రా. మేం లేమా?" అంది. సముద్రంలో నీకేం పని అని ఒక్క మాట అనలేదు. అనాల్సినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు అన్నారు కూడా.

పడవలో నా జోడీగా దిగే కేరళ అక్క మర్నాటి డైవ్‌లు మానుకుని, స్పీడ్ బోట్‌లో మాలే ఎయిర్‌పోర్ట్ దాకా తోడొచ్చింది. టికెట్ డబ్బులు ఆమే కట్టింది, నేను అడగలేదు. వంటాయన రొట్టెల్లాంటి రోషీలు, కొబ్బరి కలిపిన చేప కూర పొట్లం కట్టిచ్చాడు. వాళ్ల భాషలో నాకొచ్చిన ఒక్క మాటే చెప్పి దిగాను: షుకురియ్యా.

బెంగళూరు దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్‌లో దిగి, కారులో అనంతపురం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఆసుపత్రి వరండాలో చాప మీద అన్న పడుకుని ఉన్నాడు. నాయన మంచం పక్కన టిఫిన్ క్యారియర్, అందులో అక్క పంపిన సంగటి, ఊరిబిండి. సగం తిని, మిగతాది నా కోసం ఉంచమన్నాడంట.

అక్కా, అన్నా, మీ బాకీ లెక్క ఆసుపత్రి బిల్లులతో తేలేది కాదు. మీ టిఫిన్ క్యారియర్ ఆదివారం నేనే తెచ్చిస్తా, ఓళిగలు వేసి. నాయన మాత్రం మిమ్మల్ని ఒకటే అడగమన్నాడు: ఆ రోజు కొళాయి కట్టేసే ముందు డ్రమ్ము నిండిందా, లేదా?