పాత బడిలో కొత్త చదువు: పూర్వ విద్యార్థుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టికను ఆడిటర్ సంతకంతో మీకు విడిగా పంపాం కనుక, ఏ పని ఎందుకు చేశామన్నదే ఇక్కడ వివరిస్తున్నాను. గత సర్వసభ్య సమావేశంలో చాలామంది ఒకే మాట అడిగారు. తరతరాలుగా ఒకే తీరులో నడిచిన మన బడి, ఇప్పటి పిల్లలను రాబోయే మార్పులకు ఎలా సిద్ధం చేస్తోంది? అందుకు సంఘం ఏం చేస్తోంది? ఈ ఏడాది పనులన్నీ ఆ ప్రశ్న చుట్టూనే నడిచాయి.

నిధి ఎటు వెళ్లింది

ప్రతి గదిలో డిజిటల్ బోర్డు, ప్రతి విద్యార్థికి ట్యాబ్ ఉండాలని కొందరు సభ్యులు గట్టిగా కోరారు. బడి మీద ప్రేమతోనే కోరారు. కార్యవర్గం అన్ని వైపులా చర్చించి, నిధిలో పెద్ద భాగాన్ని ఉపాధ్యాయుల సమయం కోసం కేటాయించింది. పెరూ దేశపు అనుభవం ఈ నిర్ణయానికి ఒక ముఖ్య కారణం. అక్కడి ప్రభుత్వం పల్లె బడుల్లో పిల్లలకు పెద్ద ఎత్తున ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 బడులను పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది. కంప్యూటర్ వాడకం బాగా పెరిగిందని, లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కులు మాత్రం పెరిగినట్టు ఆధారం లేదని అది తేల్చింది. పాఠం చెప్పే తీరు మారకుండా చేతికి యంత్రం వస్తే చదువు మారదు.

అందుకే ప్రతి ఉపాధ్యాయుడికీ వారంలో కొన్ని పీరియడ్లు ఖాళీ దొరికేలా ప్రధానోపాధ్యాయురాలు టైమ్‌టేబుల్ మార్చారు. ఆ పీరియడ్లకు వచ్చే తాత్కాలిక బోధకుల వేతనం సంఘం చెల్లించింది. ఖాళీ వేళల్లో ఉపాధ్యాయులు ఒకరి తరగతిలో ఒకరు వెనక బెంచీలో కూర్చుని పాఠం విన్నారు, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో రాసుకున్నారు, కలిసి ప్రశ్నలు తయారు చేసుకున్నారు. పైకి కనిపించే ఆస్తి ఏదీ ఇందులో మిగలదు. అయినా ఈ ఏడాది మనం పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే విలువైనది ఇదేనని నా అభిప్రాయం.

రంగు కార్డులు

ఆ సమయం తరగతి గదిలో ఏమైందో చెప్పడానికి సైన్సు పాఠం చాలు. బరువైన లారీ చిన్న కారును ఢీకొంది, దేని మీద ఎక్కువ బలం పడింది? టీచర్ ఇలా అడిగి మూడు జవాబులు ఇస్తారు. ప్రతి విద్యార్థీ తన జవాబుకు సరిపోయే రంగు కార్డు ఎత్తాలి. ఎక్కువమంది కారు మీదనే అంటారు. టీచర్ అప్పుడే సరైన జవాబు చెప్పరు. పక్కవాళ్లతో వాదించుకోమంటారు. కాసేపయ్యాక మళ్లీ కార్డులు ఎత్తమంటారు. రెండింటి మీదా సమాన బలమేనని, కారు తేలిక కాబట్టి దాని వేగం ఎక్కువగా మారుతుందని అప్పటికి చాలామంది తమంతట తామే పట్టుకుంటారు. న్యూటన్ మూడో నియమాన్ని అప్పజెప్పగలిగిన పిల్లలే మొదటిసారి తప్పు కార్డు ఎత్తారన్నది స్టాఫ్ రూమ్‌లో చాలా రోజులు చర్చకు వచ్చింది.

ఈ పద్ధతిని 1990లలో హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ రూపొందించారు. బటన్ నొక్కితే జవాబు తెర మీద కనిపించే పరికరాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. వాటినీ కాగితపు కార్డులనూ పోల్చిన ఒక కళాశాల అధ్యయనం, నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2008లో తేల్చింది. మనం అట్టముక్కలతోనే సరిపెట్టాం.

వల్లెవేతను వదిలేశామా?

లేదు. పెద్దవయసు సభ్యులు ఈ విషయంలో కలత పడ్డారు, వారి కలత న్యాయమైనదే. గుర్తున్న విషయం లేకుండా ఆలోచన సాగదు. మారింది గుర్తుపెట్టుకునే పద్ధతి. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని పదేపదే చదివారు. మరికొందరు ఒక్కసారి చదివి, ఆ తర్వాత పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే పదేపదే చదివినవారిదే పైచేయి. వారం తర్వాత మాత్రం వారికి 40 శాతం గుర్తుంటే, గుర్తు తెచ్చుకుని రాసినవారికి 61 శాతం గుర్తుంది. అప్పజెప్పించడమనే మన పాత అలవాటులోని బలం ఇదే. ఇప్పుడు ప్రతి పీరియడ్ మొదట్లో పుస్తకాలు మూయించి, పోయిన వారం పాఠం నుంచి నాలుగు ప్రశ్నలు అడుగుతున్నారు. వీటికి మార్కులు ఉండవు కాబట్టి పిల్లలకు భయమూ లేదు.

పై తరగతి పిల్లలు కింది తరగతి వారికి చదువు చెప్పే సాయంత్రాలను కూడా తిరిగి మొదలుపెట్టాం. ఇది కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్ మతాచార్యుడు ఆండ్రూ బెల్ మద్రాసులోని అనాథ బాలుర శరణాలయంలో ఈ పద్ధతిని నడిపి, 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం వేశారు. పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడాన్ని మన దేశపు బడిలో చూసి ఆయన నేర్చుకున్నారు. తర్వాత ఆ పద్ధతి ఇంగ్లండ్‌లో వేల బడులకు పాకింది.

హోంవర్క్, కృత్రిమ మేధ

2022 నవంబరులో, అడిగింది రాసిపెట్టే కృత్రిమ మేధ (ఏఐ) సాధనం చాట్‌జీపీటీ వచ్చాక ఇంటి దగ్గర రాసుకొచ్చే వ్యాసం పిల్లవాడిదేనా అన్న సందేహం ప్రతి బడికీ వచ్చింది. ఏఐ రాతను పట్టే సాఫ్ట్‌వేర్ కొందామన్న ప్రతిపాదనను కార్యవర్గం తిరస్కరించింది. చాట్‌జీపీటీని తయారు చేసిన సంస్థే అలాంటి తన సొంత సాఫ్ట్‌వేర్‌ను, కచ్చితత్వం తక్కువగా ఉందంటూ 2023 జులైలో వెనక్కి తీసుకుంది. ఇంగ్లిష్ మాతృభాష కానివారు రాసిన 91 వ్యాసాలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది ఇలాంటి ఏడు సాఫ్ట్‌వేర్‌లతో పరీక్షించారు. మనుషులే రాసినా, సగటున సగానికి పైగా వ్యాసాలను యంత్రం రాసినవిగా అవి ముద్ర వేశాయి. కష్టపడి సొంతంగా రాసిన పిల్లను యంత్రం మాట నమ్మి దొంగగా నిలబెట్టే హక్కు ఏ బడికీ లేదు.

దానికి బదులు వ్యాసం మొదటి ప్రతి తరగతిలోనే చేత్తో రాయించారు. ఇంట్లో మెరుగుపరచుకోవచ్చు, ఏఐ సాయం తీసుకోవచ్చు, ఏ సాయం తీసుకున్నారో చివర రాయాలి. తర్వాత టీచర్ ఎదుట కూర్చుని రెండు మూడు ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పాలి. పై తరగతుల్లో ఏఐ ఇచ్చిన జవాబును బోర్డు మీద పెట్టి, అందులో తప్పులెక్కడున్నాయో పుస్తకాలు తిరగేసి పట్టుకోమన్నారు. లైబ్రరీ మళ్లీ కళకళలాడటానికి ఇది కూడా ఒక కారణం.

ఇతర పనులు

లైబ్రరీ బీరువాలు బాగు చేయించాం. ల్యాబ్‌లో విరిగిన పరికరాల స్థానంలో కొత్తవి వచ్చాయి. కంప్యూటర్ గదిలో, పిల్లల కోసం తయారైన స్క్రాచ్ అనే భాషతో ప్రోగ్రామింగ్ పాఠాలు మొదలయ్యాయి. తరగతి గదుల్లో ఫోన్లు వద్దన్న పాత నియమం కొనసాగుతుంది.

వచ్చే ఏడాది

మార్కులు తగ్గుతాయేమోనన్న భయం తల్లిదండ్రుల్లో ఇంకా పోలేదు. బోర్డు పరీక్షల తీరు మారనంత కాలం ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోలేం. అందువల్ల పాఠం అయిన మూడు నెలల తర్వాత అదే పాఠం మీద చిన్న పరీక్ష పెట్టి, ఫలితాలను ప్రతి టర్మ్‌లో తల్లిదండ్రులకు చూపించాలని ఉపాధ్యాయులు నిర్ణయించారు. ఫలితం బాగా లేని పద్ధతిని మానేస్తారు.

తాత్కాలిక బోధకుల వేతనాన్ని మరో ఏడాది కొనసాగించే తీర్మానం సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తుంది. ఆమోదించాలని కార్యవర్గం కోరుతోంది. మరో మనవి కూడా ఉంది. ఉద్యోగం మధ్యలో పని స్వరూపమే మారిపోయి, మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చిన సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. అప్పుడు ఏం నేర్చుకున్నారో, బడి చదువులో ఏది అక్కరకొచ్చిందో, ఏది రాలేదో పై తరగతి పిల్లలకు ఒక పీరియడ్ సేపు చెప్పి, వారి ప్రశ్నలకు జవాబివ్వాలి. రాదలచుకున్నవారు సమావేశం లోపు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి